బూజుతో బుట్టిన పరిశ్రమ



మన గ్రామములలో రాగులను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, విసరి, బిడ్డలకు జావ కాచుట కలదు. మొలకెత్తు గింజలో పుట్టెడి యొక పదార్థము పిండిని చక్కెరగా మార్చును గనుకనే యా జావకు తీపి. ఆ పదార్థమును ఎంజైమందురు. పాశ్చాత్యులు బార్లీని ఇట్లే మొలకెత్తించి, దానికి మాల్టని పేరిడి, విస్కీ చేయుటకు వాడుచుండిరి.

జపానీయుల మార్గము వేఱు. వారు ఉడికిన బియ్యముపై ‘కోజి’ యను బూజును పెంచి, దాని ఎంజైముచేత ‘సాకె’ యను మద్యమును చేయుదురు. 1854లో జన్మించిన జోకిచి తకమినె గారి తల్లి అట్టి సాకె చేయువారింటి యాడుపడుచు. తకమినె గ్లాస్గోలో చదివి, 1890లో అమెరికా చేరి, పియోరియా పట్టణమున మాల్టునకు బదులు కోజితో విస్కీ చేయ బూనెను.

ఆయన చేసిన మార్పు చూచుటకు చిన్నది. బియ్యమును విడిచి గోధుమ తవుడుపై బూజును పెంచెను. తవుడు చౌక, అంతకంటె ముఖ్యము, గుల్లగా నుండుటచే లోపలిదాక గాలి యందును. పెరుగు బూజు వేడిని పుట్టించును. ఆ వేడి వెలికి పోనిచో బూజే చచ్చును. తడిసిన గడ్డివామి లోలోపల కాగుట రైతులెఱిగినదే కదా! బార్లీ మొలకకు వారము పట్టగా, బూజు రెండు దినములలో సిద్ధమగును.

మాల్టు వ్యాపారులకిది గిట్టలేదు. వారి కొట్లేమి కావలెను? అందు పాటుపడు కూలీలెట్లు బ్రదుకవలెను? ఆ భయము నిష్కారణమని నేననజాలను. 1891లో కర్మాగారము దగ్ధమయ్యెను. నిప్పు పెట్టిరేమో యను అనుమానము పుట్టినది గాని రుజువు కాలేదు. పిమ్మట తకమినె కాలేయవ్యాధిచే మంచము పట్టెను. విస్కీ యాశ యంతటితో సరి.

అయినను బూజును విడువలేదు. పెరిగిన తవుడును నీట నానబెట్టి, ఆ నీటిలో ఆల్కహాలు పోయగా ఎంజైము విడివడి యడుగున దిగెను, ఎండబెట్టగా పొడియయ్యెను. 1894లో దానికి పేటెంటు లభించెను. డెట్రాయిటు నగరపు పార్క్ డేవిస్ కంపెనీ ‘టాకా డయాస్టేస్’ అను పేర అజీర్ణమునకు మందుగా నమ్మెను. మద్యమునకై తెచ్చిన బూజు మందుగా నిలిచినది!

తకమినె 1922లో మరణించెను. ఇరువదవ శతాబ్ది నడిమి భాగమున తవుడు పళ్లెములకు తోడుగా, పోషకద్రవము నింపి గాలినూదు పెద్ద తొట్లు వచ్చెను. అందు వేడిని, గాలిని అదుపు చేయుట సులభమయ్యెను. పిదప బూజు స్వభావమునే మార్చు విద్య యలవడినది. నూనె మరకలను విఱుచు ఎంజైము వేఱొక బూజునందు కలదు. అది స్వల్పముగా మాత్రమే పుట్టుచుండెను. డెన్మార్కు దేశపు నోవో కంపెనీవారు దాని జన్యువును కోజి బూజునందు ప్రవేశపెట్టి, 1988లో ఆ ఎంజైమును బట్టలుదుకు పొడులకై విపణికి దెచ్చిరి.