కోరాపుట్ కొండల్లో తోడేలు: భయం ఎక్కడిది?

ఏసోపు కథలో గొర్రెల కాపరి కుర్రవాడు తోడేలు వచ్చిందని కేకలు పెడతాడు. తెలుగు పిల్లలకు అదే కథ 'నాన్నా పులి' అయి చేరింది. మన నేలమీద జనం వణికింది దేనికో ఎరిగిన మార్పు అది. కోరాపుట్, రాయగడ కొండల గతం కూడా ఇదే చెబుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ కింద, విశాఖపట్నం ఏజెన్సీలో, జయపురం జమీందారీలో ఉండేది. ఇక్కడికి ఈశాన్యాన గుమ్సూరు కొండల్లో 19వ శతాబ్దం నడుమ కోందు గిరిజనుల మధ్య పనిచేసిన బ్రిటిష్ అధికారి మెక్‌ఫర్సన్ వాళ్ల నమ్మకాలను రాసిపెట్టాడు. మామూలు పులి మనిషి జోలికి రాదు. మనిషిని చంపే పులి అయితే కోపించిన భూదేవత తారి, కాకపోతే పులి రూపెత్తిన మనిషి. మన్యంలో భయానికి పెద్దపీట పులిదే. తోడేలుకు నరహంతక జాతి అన్న ముద్ర ఈ కొండల అనుభవం వేసింది కాదని, చాలావరకు బయటినుంచి వచ్చిందని నా వాదన.

ఆ ముద్ర రెండు దారుల్లో వచ్చింది. ఒకటి మేకపిల్లను నీళ్ల దగ్గర నిందించే తోడేలు ఉన్న బడి పుస్తకం. రెండోది, బలమైనది, సర్కారు బహుమానాల పట్టిక. చంపిన జంతువుకింత అని బ్రిటిష్ ప్రభుత్వం సొమ్ము చెల్లించేది. 1875 నుంచి 1925 వరకు 80 వేలకు పైగా పులులు, లక్షన్నరకు పైగా చిరుతలు, రెండు లక్షల తోడేళ్లు హతమయ్యాయని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ అంచనా. తోడేళ్లు మనుషుల్ని చంపాయన్న లెక్కలు మాత్రం ప్రధానంగా ఔధ్, వాయవ్య రాష్ట్రాల (నేటి ఉత్తరప్రదేశ్) మైదానాలవి. అక్కడి అపరాధం దేశమంతటి తోడేళ్ల మెడకు చుట్టుకుంది.

పోలిక తెచ్చిన పొరపాటు కూడా ఉంది. దట్టమైన కొండ అడవిలో గుంపుగా కణుజును తరిమి, ప్రాణం పోకముందే చీల్చి తినేది రేచుకుక్క. తోడేలుకు కావలసింది గడ్డి మైదానం, ముళ్లపొదల బీడు. ప్రకృతి పరిశీలకుడు సైక్స్ 1831లో దానికి శాస్త్రీయ నామం పెట్టింది కూడా దక్కన్ తోడేళ్లను చూసే. తోడేలు ఇరవై కిలోల అటూఇటూ బరువుతో, చిన్న కుటుంబంగా తిరుగుతుంది. రేచుకుక్క తన మూత్రం చల్లి వేట జంతువు కళ్లు పోగొడుతుందన్న కథ దేశంలో చాలాచోట్ల ఉంది. దానికి ఆధారం లేదు. రేచుకుక్క అడవిలో మనిషిని చంపినట్టు నమ్మదగిన దాఖలా కూడా లేదు. అడవిలో చూసిన ఆ క్రూరమైన వేటను తోడేలు ఖాతాలో వేసుకుంటే, ఒక జంతువు పని మరో జంతువు పేరున చెలామణి అవుతుంది.

నా వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది. 1993–95లో హజారీబాగ్ ప్రాంతంలోనూ, 1996లో ఉత్తరప్రదేశ్‌లోని ప్రతాప్‌గఢ్, సుల్తాన్‌పూర్, జౌన్‌పూర్ జిల్లాల్లోనూ తోడేళ్లు పదుల సంఖ్యలో పిల్లల్ని ఎత్తుకుపోయాయి. ఇది నిజం, ఆ తల్లుల ముందు తోడేలు సాధుజంతువని అనడం అన్యాయం. అయితే 1996 ఘటనలను పరిశీలించిన పరిశోధకులు ఝాలా, శర్మ ఏ కారణాలు చూపారో చూడాలి: అడవి వేట కరువైంది, పశువుల్ని భద్రంగా కట్టేస్తున్నారు, పేదింటి పిల్లలకు మాత్రం కాపలా లేదు. ఆ పని ఒక తోడేలుదో, ఒక గుంపుదో అయి ఉంటుందన్నారు. అడవిలో గుంపంటే తల్లిదండ్రులు, వాటి పిల్లలు. పోరాడి గెలిచిన నాయకుడి ఏలుబడి అన్నది బంధించి ఉంచిన తోడేళ్లను చూసి అనుకున్నదని తోడేళ్ల పరిశోధకుడు మెక్ 1999లో వివరించాడు. కాబట్టి ఒక కుటుంబానికి పట్టిన అలవాటును జాతి స్వభావం అనడం కుదరదు. ఆ జిల్లాల్లోనూ జనం మొదట 'మనాయి', అంటే తోడేలు రూపంలో తిరిగే మనిషి, అని పుకారు పుట్టించారు. గుమ్సూరులో పులి గురించి అనుకున్నదే అక్కడ తోడేలు గురించి అనుకున్నారు. అలాంటి పుకారు నిజమైన జంతువును వెతకనివ్వదు, అపరిచితుల మీద అనుమానం రేపుతుంది.

ఇక కాపరి నష్టం మాత్రం కట్టుకథ కాదు. మందలో దూరితే తోడేలు ఒక్కోసారి తినగలిగినదానికంటే ఎక్కువ మేకల్ని కొరికి పడేస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని మొదటి షెడ్యూలులో చేర్చి చంపడం నేరం చేసింది. మేక పోయినవాడికి సకాలంలో పరిహారం అందకపోతే ఆ రక్షణ భారమంతా అతి పేదవాడి మందమీదే పడుతుంది.