లడ్డు రంగు వెనుక ఉన్న చరిత్ర



వనభోజనాలకు వంటమేస్త్రి చెప్పే సరుకుల పట్టీలో చివరన "మిఠాయి రంగు, ఒక పొట్లం" అని ఉంటుంది. దాన్ని మనం ఎవరమూ రెండోసారి చూడం. ఆ పొట్లంలో ఏముండవచ్చో, ఎంత వేయవచ్చో తేల్చడానికి లోకానికి నూరేళ్లు పట్టింది.

1858 అక్టోబరులో ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ పట్టణంలో పిప్పరమెంటు బిళ్లలు తిని సుమారు 20 మంది చనిపోయారు. 200 మందికి పైగా జబ్బుపడ్డారు. చక్కెర ఖర్చు తగ్గించడానికి చవకరకం తెల్లపొడి కలపడం అక్కడ మామూలే. ఆరోజు మందుల కొట్లో పొరపాటున ఆ పొడికి బదులు పాషాణం కొలిచి ఇచ్చారు. 1860లో అక్కడ కల్తీ చట్టం వచ్చింది.

మన వైపు మద్రాసు ప్రెసిడెన్సీ 1918లో కల్తీ నిరోధక చట్టం చేసింది. అప్పటికి బళ్లారి, బరంపురం, హోసూరు అన్నీ ఆ ప్రెసిడెన్సీలోవే. యానాం మాత్రం ఫ్రెంచివారి కింద ఉండేది. ఇవాళ తలో రాష్ట్రంలో ఉన్న మన ఊళ్లు కొన్నింటికి అప్పుడు ఒకే చట్టం. స్వాతంత్ర్యం వచ్చాక 1954లో కేంద్ర చట్టం చేశారు. అది 1955 జూన్ 1న అమల్లోకి వచ్చింది.

1956లో ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థల నిపుణుల సంఘం తొలిసారి సమావేశమైంది. ఆ సంఘం రెండు ప్రశ్నలు వేసుకుంది. మొదటిది: ఆ పదార్థం ఎంత శుద్ధమైనది, అందులో సీసం, పాషాణం ఎంత మిగిలాయి? రెండోది: మనిషి జీవితాంతం రోజూ తిన్నా హాని లేని మోతాదు ఎంత? జంతువుల మీద పరీక్షించి హాని కనబడని మోతాదును తీసుకుని, మామూలుగా దాన్ని నూరుతో భాగిస్తారు. మనిషికి, జంతువుకు తేడా ఉంటుంది. పసివాడికి, పెద్దవాడికీ తేడా ఉంటుంది. ఆ భాగహారం అందుకే.

మన దేశంలో ఇప్పుడున్నది 2006 నాటి చట్టం. దాని కింద 2011లో వచ్చిన నిబంధనలు 8 కృత్రిమ రంగులను అనుమతించాయి. అవీ పేర్కొన్న పదార్థాల్లోనే, మామూలుగా కిలోకు 100 మిల్లీగ్రాములు మించకుండా. బట్టలకు అద్దే రోడమిన్-బి ఆ జాబితాలో లేదు. పీచుమిఠాయిలో అది దొరికినందుకే 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు నిషేధం విధించాయి. మార్చిలో కర్ణాటక పీచుమిఠాయిలోను, గోబీ మంచూరియాలోను కృత్రిమ రంగులు వాడకూడదంది.

కిలోకు 100 మిల్లీగ్రాములంటే పది కిలోల లడ్డుకు ఒక్క గ్రాము. మన వంటశాలలో చెంచాతో వేస్తాం, తూచేవారు లేరు. పొట్లం మీద పేరూ ఉండదు.

అందుకే మా విన్నపం. వచ్చే సమావేశంలో ఆ ఒక్క పద్దు కొట్టేద్దాం. లడ్డు కాస్త వెలవెలబోతుంది. శనగపిండి అసలు రంగు అదే. పంక్తిలో ముందు కూర్చునేది మన పిల్లలే కదా.