వేషము మార్చు పరాన్నజీవి

1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపుగోడలో మలేరియా పరాన్నజీవిని కనుగొనిన కథ శ్రోతలలో పెక్కుమంది యెరిగినదే. పదుమూడేండ్ల తరువాత ఆయన మరియొక పరాన్నజీవిని లెక్కించుచు కూర్చున్న కథ అంతగా ప్రచారములోనికి రాలేదు. దానిని నేడు చెప్పదలచితిమి.

అది ఆఫ్రికాలోని నిద్రాజాడ్యపు కథ. ట్రిపనోసోమా అను ఏకకణజీవి ఆ వ్యాధికి మూలము. త్సెత్సీ ఈగ కుట్టినపుడు అది మనుష్యుని నెత్తురులో ప్రవేశించును. మొదట జ్వరము వచ్చును. పిదప అది మెదడును చేరగా పగటినిద్ర, రాత్రి జాగరము, మతిభ్రమణము, చికిత్స లేనిచో తుదకు మరణము. 1900 మొదలు 1920 వఱకు ఉగండా ప్రాంతమున ఈ జాడ్యము రెండు లక్షలకు పైగా ప్రజలను పొట్టనబెట్టుకొనెను.

1910లో, ఉత్తర రొడీషియాలో ఈ వ్యాధి సోకిన రోగి యొకడు ఇంగ్లండులోని లివర్‌పూలులో చికిత్స పొందుచుండెను. అచ్చట ఆచార్యుడుగా నున్న రాస్, డేవిడ్ థామ్సన్‌తో కలసి, ఆ రోగి నెత్తురులోని పరాన్నజీవులను దినదినమును లెక్కించి, ఆ సంఖ్యలను గీతగా గీసెను. ఆ గీత అలలవలె నడచెను. కొన్నాళ్లు సంఖ్య పెరుగును. అంతలో మిక్కిలి తగ్గిపోవును. రోగి తేరుకొనుచున్నాడని తోచును. వారమో, ఎనిమిది దినములో గడచునప్పటికి మరల హెచ్చును.

మన శరీరము పోరాడుటలేదా? పోరాడుచునే యుండును. శత్రువు పైపొరను గుర్తించి, దానికి తగిన ప్రతిరక్షకములను తయారుచేసి, లక్షలకొలది క్రిములను సంహరించును. మరి మిగిలిన వెవ్వి?

దీనికి సమాధానము దొరకుటకు అరువదేండ్లు పట్టెను. 1969లో కీత్ విక్కర్‌మన్ ఎలెక్ట్రాను సూక్ష్మదర్శినితో చూచి, ఈ జీవి ఒడలెల్ల దట్టమైన కవచము కప్పియున్నదని వివరించెను. 1975లో కేంబ్రిడ్జిలో జార్జి క్రాస్ ఆ కవచపు మాంసకృత్తును వేరుచేసి, అది ఒక్కొక్క రకమునకు ఒక్కొక్క తీరుగా నుండునని చూపెను. ఒక్క జీవి పైని ఆ అణువులు సుమారు కోటి. అన్నియు ఒకే మూసలోనివి. కాని ఇతర కవచములకు మూలమైన జన్యువులు దాని లోపల వేయికి పైగా దాగియున్నవి. వానిలో పెక్కు అసంపూర్ణములైనను, ముక్కలను అతికి క్రొత్త కవచమును కూర్చుకొనగలదు.

ఇందు పరాన్నజీవి తెలివి యేమియు లేదు. శరీరము ఎదుర్కొనక పూర్వమే, ఏ కొన్నియో యాదృచ్ఛికముగా కవచము మార్చుకొనియుండును. పాత వేషము వేసినవి చచ్చును. క్రొత్త వేషమువి బ్రదికి, సంతతిని పెంచును. నిన్నటి పగటివేషగానిని పట్టుకొన వచ్చిన తలారికి నేడు వేరొక వేషగాడు ఎదురగుట వంటిదే యిది. రాస్ గీతలోని అలలకు అర్థమిదే.

ఈ కారణముచేతనే నిద్రాజాడ్యమునకు టీకా ఏర్పడలేదు. ఏ వేషమునకని టీకా వేయుదుము? అయినను మానవుడు ఓడలేదు. పల్లెపల్లెకు పోయి రోగులను వెదకుట, ఈగలను ఉచ్చులతో పట్టుట, మందులిచ్చుట అను మార్గములను పట్టెను. 1998లో నలువది వేలకు చేరువగా నున్న నమోదైన రోగుల సంఖ్య 2018 నాటికి వేయికి లోపునకు దిగెను. శరీరము ఒంటరిగా గెలువలేని చోట సమాజము దానికి తోడుగా నిలువవలెనని ఈ చరిత్ర మనకు తెలుపుచున్నది.