కడలిబండల పూత

మార్కాపురమున పలకల పనివారి ఇంట పుట్టిన పిల్లవాడు తన పదియేండ్ల చదువులో సముద్రమును రెండుమారులు చేత పట్టుకొనును. మొదటిమారు అక్షరాభ్యాసమునాడు, కొయ్యచట్రము బిగించిన నల్లని రాతిపలకమీద తండ్రి వాని చేయి పట్టి బలపముతో ఓనమాలు దిద్దించునపుడు. రెండవమారు హైస్కూలు ప్రయోగశాలలో, నీలి లిట్మస్ కాగితపు ముక్కను నిమ్మరసములో ముంచి, అది ఎఱ్ఱబారుట చూచి, ఆమ్లమని నోటుపుస్తకములో వ్రాసికొనునపుడు. పలక ఒకనాటి కడలి అడుగున పేరిన బురద. లిట్మసు రంగో, కడలి అంచుబండలను కరచిపట్టుకొని బ్రతికెడి లైకెన్ అను జీవినుండి మనుష్యుడు పిండుకొన్నది. ఈ రెంటికిని గల చుట్టరికమును నేను చదివిన ఏ పాఠ్యపుస్తకమును నాకు చెప్పలేదు. అందుచేతనే దానిని చెప్పవలెనని నాకు చిరకాలముగా కోరిక.

ముందు పలకరాతి సంగతి. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడువరకు కర్నూలు జిల్లాకు చెందియుండిన మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతము కొత్తపట్నపు అలలకు నూరు కిలోమీటర్లకు పైగా లోపల ఉన్నది. ఇచ్చటి గాలికి ఉప్పువాసన లేదు, ఇచ్చటి ముసలివారిలో సముద్రమును కన్నులార చూడనివారు నేటికిని కలరు. అయినను వారి కాళ్లక్రింది రాయి సముద్రగర్భమున పుట్టినదే. విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1872లో కడప, కర్నూలు శిలలను గూర్చి ప్రకటించిన గ్రంథములో వీనికి కంభము పేరనే ‘కంభం స్లేట్లు’ అని నామకరణము చేసినాడు. గిద్దలూరునుండి నంద్యాలకు పోవు రైలు నల్లమలలో దూరిన పిమ్మట తగులు చలమ స్టేషను సమీపమున, ఈ స్లేటు పొరలను చీల్చుకొని పాతాళమునుండి పైకి లేచిన ఒక అరుదైన అగ్నిశిల కలదు. దాని వయస్సు 140 కోట్ల సంవత్సరముల దరిదాపున ఉండునని శాస్త్రజ్ఞులు తేల్చినారు. చీల్చినదానికే అంత వయస్సుండగా, చీలినది అంతకుముందుదే కావలెను గదా! నేలపై గడ్డిపరకయైనను, నీటిలో చేపపిల్లయైనను లేని కాలమది. అప్పటి నదులు మోసుకొనివచ్చిన సన్నని బంకమన్ను సముద్రపుటడుగున పొరలు పొరలుగా పేరి, మీది బరువునకు గట్టిపడి, అటుపిమ్మట ప్రక్కలనుండి క్రమ్ముకొన్న ఒత్తిడికి అందలి అభ్రకపు రేకులన్నియు ఒకే వాలునకు సర్దుకొనుటచేత, ఉలి తగిలినంతనే పుస్తకపు పుటలవలె విడివడు గుణము ఆ రాతికి అబ్బినది.

ఇక బండలపై పూతవలె పట్టుకొను ఆ జీవి సంగతి. కడలిబండల లైకెన్లను చూడదలచినవారికి ప్రకాశం జిల్లా తీరము అక్కరకు రాదు. అది ఇసుకతీరము, నిలుకడలేని ఇసుకను ఏ లైకెనును పట్టుకొనియుండజాలదు. మన రాష్ట్రమున బండలతో అలలు పోరాడుట చూడవలెనన్న విశాఖపట్టణమునకో, భీమునిపట్టణమునకో పోవలెను. కాని ఈ జీవుల సంసారము సంపూర్ణ వైభవముతో కానవచ్చునది బ్రిటను, నార్వే మున్నగు చలిదేశముల తీరములందు. అచ్చట బండలు మూడు పట్టెలుగా రంగులు దిద్దినట్లుండును. పోటునీరు అందుకొను హద్దున తారు పూసినట్టి నల్లనిపట్టె, అది వెరుకేరియా జాతివారి కాపురము. దానిపైన తుంపరలు మాత్రమే పడుచోట పసుపుకొమ్మును విరిచినట్టి నారింజవన్నె పట్టె. ఆపైన ఉప్పుగాలి మాత్రమే సోకుచోట బూడిదరంగు జూలువలె వ్రేలాడు రామలైనా పట్టె. ఆ నల్లపట్టెను చూచి, ఓడలనుండి కారిన చమురుమడ్డి అని పొరపడినవారు కలరు. పోటువేళ ఉప్పునీటిలో తడిసియు, నడుమ ఎండకు పెళపెళ ఎండియు, ఎన్నడును వేరూనక, అలల దెబ్బకు ఊడిపోక నిలిచెడి ఆ పలుచని పొరను తారుమరకగా భావించుట నాకు బాధగానే ఉన్నది.

లైకెన్ అను పేరునకు మూలము గ్రీకుమాట. అది తామరవంటి చర్మరోగమునకు కూడ పేరు. బండమీద గుండ్రముగా అంచులు సాగించుకొనుచు పెరుగు ఈ పొరను చూచినవారికి ఆ పోలిక తట్టుట సహజమే. మన పూర్వులు దీనినే మఱియొక కంట చూచినారు. అమరకోశములో దీనికి శైలేయము, అశ్మపుష్పము, శీతశివము అను పేరులు కలవు. అశ్మమనగా రాయి, కనుక అశ్మపుష్పము రాతిపువ్వే. చరక సుశ్రుతులు శైలేయమును ఔషధములలో చెప్పినారు. నేటికిని కిరాణాకొట్టులో బిర్యానీ మసాలాకై రాతిపువ్వు అడిగినచో, నలుపును బూడిదరంగును కలసి ముడుచుకొనిన తోలుతునుకలవంటి ఆ వస్తువునే పొట్లము కట్టి ఇత్తురు. రోగపు పేరు పెట్టినవారికంటె పువ్వు పేరు పెట్టినవారే దానిని దగ్గరనుండి చూచినారని నా నమ్మకము.

శాస్త్రగ్రంథములకెక్కిన మొదటి భారతీయ లైకెన్ ఏదియో తెలిసిన నాడు నేను పొందిన సంతోషము ఇంతింత కాదు, ఏలయన అది కడలి అంచుదే. లిన్నేయసు 1753లో తన వృక్షజాతుల మహాగ్రంథమున ఇండియా దేశపుదని చెప్పి ఒక లైకెనునకు సముద్రపు నాచు ఆకారముగలదని అర్థము వచ్చు పేరు పెట్టినాడు. తరువాతి కాలమున బెలాంజె అను ఫ్రెంచి పండితుడు 1825 మొదలు 1829 వరకు ఈ దేశయాత్ర చేసి, మన తీరములందు దొరకు ఆ తెగ జాతిని వేరుగా గుర్తించి వర్ణించినాడు. దానినే నేడు రొక్సెల్లా మోంతాన్యై అందురు. తీరప్రాంతపు చెట్ల బెరడుమీదను, బండలమీదను అది సన్నని బూడిదరంగు తోలుపట్టీలవలె వ్రేలాడును.

ఈ రొక్సెల్లాలోనే రంగు దాగియున్నది. చిత్రమేమనగా, చేత పట్టి చూచినచో దానిలో రంగు అనునదే కానరాదు, బూడిదయే. దానిని దంచి, అమ్మోనియా గల ద్రవములో, అనగా పూర్వకాలమున పులిసిన మూత్రములో, నానవేసి, గాలి తగులునట్లు కలుపుచు వారములకొలది ఉంచినచో వర్ణరహితములైన దాని ఆమ్లములు కొంచెము కొంచెముగా మారి తుదకు ధూమ్రవర్ణమగును. ఫ్లారెన్సు నగరమునందలి రుచెల్లాయి అను గొప్ప వర్తక వంశమునకు ఆ పేరు ఈ రంగుతోనే వచ్చినదని చెప్పుకొందురు. కానరీ దీవులలో ఉప్పుగాలి కొట్టు కొండచరియలనుండి త్రాళ్లతో దిగి ఈ లైకెనును గీకి తెచ్చెడి కూలీలుండెడివారు. ఆ రంగులోనే క్షారములు చేర్చి పులియబెట్టుటవలన లిట్మసు పుట్టినది. 1829లో రొబికే అను ఫ్రెంచి రసాయనజ్ఞుడు ఆ రంగునకు మూలపదార్థమైన ఆర్సినును వేరుపరచినాడు. 1856లో పెర్కిను కృత్రిమమైన ఊదారంగును కనుగొన్న పిమ్మట లైకెనురంగుల వర్తకము క్రమముగా సన్నగిల్లినది. లిట్మసు కాగితము మాత్రము మిగిలినది.

ఇంతకును ఈ జీవి ఏమి? చెట్టా, నాచా, బూజా? తొలినాటి లైకెన్ శాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడు, లిన్నేయసు శిష్యుడు అయిన అకారియసు వీని జాతులను ఎంతో శ్రమించి వేరుపరచినాడేగాని, ఆయనయు వీనిని ఒక్కొక్క మొక్కగానే తలచినాడు. 1867లో శ్వెండనర్ అను స్విట్జర్లండు పండితుడు లైకెన్ ఒక్క జీవి కాదనియు, శిలీంధ్రపు పోగులు పచ్చని శైవలకణములను చుట్టి కట్టుకొన్న ఇల్లనియు చెప్పినాడు. ఆనాటి పెద్దలు ఆయనపై విరుచుకుపడినారు. తాము జీవితమంతయు పేరు పెట్టుచు వచ్చిన వస్తువు ఒకటి కాదు, రెండు అని వినుట వారికి దుర్భరమైనది కాబోలు. తుదకు శ్వెండనరే నెగ్గినాడు. శైవలము ఎండవెలుగుతో ఆహారము వండును. శిలీంధ్రము నీడయు తేమయు ఇచ్చి రాతిని కరచి పట్టుకొనును. 2016లో స్ప్రిబిల్ మొదలగువారు కొన్ని లైకెన్ల పైపొరలో ఈస్టు అను మూడవ కాపురమును కూడ కనుగొన్నారు.

ఈ కూటమి మొదట కుదిరినది ఎచ్చట? 2005లో చైనాదేశపు గ్వేజో మండలమున, దాదాపు 60 కోట్ల సంవత్సరముల క్రిందటి లోతులేని సముద్రపు ఫాస్ఫేటు శిలలో, సన్నని పోగులు చిన్నచిన్న కణములను పెనవేసికొన్న శిలాజము దొరకినదని ప్రకటించినారు. స్కాట్లండులోని రైనీ గ్రామపు శిలలో 40 కోట్ల సంవత్సరములనాటి లైకెన్ కూడ దొరకినది. కాని 2019లో నెల్సను, ఆతని సహచరులు వంశవృక్షములను లెక్కగట్టి, నేటి లైకెన్ కుటుంబములు నేలపై మొక్కలు నాటుకొన్న పిమ్మటనే పుట్టినవని వాదించినారు. వీరిలో ఎవరి మాట నెగ్గినను, కంభపు స్లేటు ఆ వాదమునకు అందనంత ముసలిది. మొదటి లైకెన్ పుట్టునప్పటికే అది రాయి.

ఆ రాతిమీద నేడు ఆ తొలి లైకెన్ల సంతతివారు కాపురమున్నారు. మార్కాపురమునకు వెలుపల పలకరాయి త్రవ్విన గోతుల ప్రక్క పారవేసిన తునుకలు కొండలవలె పేరియున్నవి. క్రొత్తగా చీల్చిన తునుకలపై ఏమియు లేదు, కాటుకవలె నునుపు. చిరకాలముగా కదలక ఎండవానలకు ఓర్చిన తునుకలపై మాత్రము బూడిదరంగు బిళ్లలు, కొన్ని కందిగింజంత, కొన్ని పావలాకాసంత. కొన్ని లైకెన్లు ఏడాదికి మిల్లీమీటరులో సగము కూడ పెరుగవు. ఆస్ట్రియా దేశస్థుడు బెషెల్ 1950 ప్రాంతమున ఆ లెక్కనే పట్టుకొని, మంచునదులు వదలిపోయిన రాళ్ల వయస్సును లైకెన్ బిళ్లల వ్యాసమునుబట్టి గుణించు పద్ధతిని నేర్పినాడు.

ఆ కుప్పల దగ్గర ఉలితో రాయి చీల్చుచున్న ఒక పెద్దాయనను అడిగితిని. “ఈ మచ్చ పట్టిన రాయి పలకకు పనికిరాదయ్యా,” అన్నాడాయన, “మీద పొర వదులైపోయి ఉంటది. ఉలి పెడితే పిండి రాలుద్ది.” ఆ మాట నిజము. లైకెన్ పోగులు రాతిపొరల సందులలోనికి దిగి, తడిసినపుడు ఉబ్బి, ఎండినపుడు ముడుచుకొని, తాము విడుచు ఆమ్లములతో ఆ రాతిని మరల మన్నుగా మార్చుచుండును. మన్ను రాయియైనది, రాయి మన్నగుచున్నది. ఈ రెండవ పనికి ఉలి ఈ పూతయే.

త్రాగుటకు తెచ్చుకొన్న చెంబులోని నీరు నాలుగు చుక్కలు ఒక బిళ్లపై పోసి, “చూడు, పెద్దయ్యా!” అంటిని. క్షణములో ఆ బూడిదరంగు లేతపచ్చగా తేలినది. పైనున్న శిలీంధ్రపు పొర తడిసి పారదర్శకమగుటచేత లోపలి శైవలము కానవచ్చినది. ఆయన ఉలి ప్రక్కన పెట్టి, చెంబు నా చేతినుండి తీసికొని, మిగిలిన నీరు మరియొక తునుకమీది మచ్చపై పోసి, వంగి చూచినాడు.