ఒప్పంద పత్రంలో సెలవు: ఫిజీకి వెళ్లిన ఉత్తర ఆర్కాటు కూలీలు

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అంతకు ముందు చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు తాలూకాలు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివి. అందుచేత ఫిజీ చెరకు తోటలకు తొలి సంవత్సరాలలో వలసపోయిన ఈ ప్రాంతపు కూలీలను చిత్తూరు జిల్లా పేరుతో వెదకడం వృథా.

మద్రాసు రేవు నుంచి ఫిజీకి 1903లో మొదలైన కూలీల ఎగుమతి (నాటి వ్యవహారానికి ఈ మాటే తగును) 1916లో ఆగింది. వెళ్లినవారు సుమారు 15,000 మంది; వారిని పంపిన ముఖ్య జిల్లాలలో ఉత్తర ఆర్కాటు ఒకటి. ఒప్పందం ఐదేళ్లది. సోమవారం నుంచి శుక్రవారం వరకు రోజుకు తొమ్మిది గంటలు, శనివారం ఐదు గంటలు పని. ఆదివారాలు, ప్రభుత్వం గుర్తించిన సెలవు దినాలు విరామం. కాగితం మీద ఇది తక్కువేమీ కాదు. తోటలో మాత్రం అనుమతి లేని గైరుహాజరు శిక్షార్హమైన నేరం.

అసలు లోపం మరొకచోట ఉంది. ఊరికి పోయి మళ్లీ పనిలో చేరే సెలవు ఆ పత్రంలో లేనే లేదు. ఉన్నది శాశ్వతంగా తిరిగి రావడమొక్కటే: ఐదేళ్లు నిండితే సొంత ఖర్చుతో, పదేళ్లు నిండితే ప్రభుత్వ ఖర్చుతో. తిరుపతి గంగజాతరకు గాని, తల్లి కర్మకు గాని ఇల్లు చేరే దారి లేదు. పత్రం కూలీ దేహానికి విశ్రాంతి అవసరమని గుర్తించింది. అతనికి ఒక ఊరున్నదని గుర్తించలేదు. ఫిజీ వెళ్లిన భారతీయ కూలీలలో సగానికి మించి అక్కడే ఉండిపోయారు. దానిని కేవలం వారి ఇష్టమని రాసేముందు ఈ పదేళ్ల నిబంధనను చదవవలసి ఉంది.