నిప్పు పెట్టేవాడికి దారి చూపేది ఊరి పటమే

ఒంటరిగా ఇళ్ళకు నిప్పు పెట్టే నేరగాళ్ళ గురించి నేరశాస్త్రం ఒక మాట చెబుతుంది: ఎక్కువమంది తమ ఇంటికి దగ్గరలోనే ఆ పని చేస్తారు, దూరం పెరిగేకొద్దీ నేరాలు తగ్గుతాయి. గుంపుగా వచ్చి పెట్టే కుల మంటలకు ఈ లెక్క చాలదు. అక్కడ ఎవరి ఇల్లు కాలాలో ఊరి కట్టుబడి ముందే తేల్చేసి ఉంటుంది.

ముప్కాల్ నుంచి బోధన్ దాకా ఏ పాత ఊరు చూసినా ఊరు ఒకవైపు, వాడ ఒకవైపు. ఫలానా ఇల్లు ఎవరిదని అడగాల్సిన పని లేదు. ఈ విడివిడి నివాసం దాడికి ఎలా పనికొస్తుందో నాలుగు ఘటనలను పక్కపక్కన పెట్టి చూశాం.

1968 డిసెంబర్ 25న తంజావూరు ప్రాంతంలోని కీలవెన్మణిలో కూలి పెంచమన్న దళితులపై భూస్వాముల మనుషులు దాడి చేశారు. ప్రాణభయంతో ఒకే గుడిసెలో దాక్కున్న 44 మంది కాలిపోయారు. 2000 మార్చి 11న తెలుగు నేలకు ఆనుకునే ఉన్న కర్ణాటకలోని కంబాలపల్లిలో 7గురు దళితులను సజీవదహనం చేశారు. 2010 ఏప్రిల్ 21న హర్యానాలోని మిర్చ్‌పూర్‌లో వాల్మీకుల ఇళ్ళు తగలబెట్టగా ఓ వృద్ధుడు, నడవలేని ఆయన కూతురు చనిపోయారు. 2012 నవంబర్ 7న ధర్మపురి జిల్లా నత్తం, పక్కనున్న మరో రెండు వాడల్లో 250కి పైగా ఇళ్ళు ధ్వంసమయ్యాయి. కులాంతర వివాహం సాకు. కష్టార్జితంతో కొనుక్కున్న బైకులు, టీవీలు, పిల్లల సర్టిఫికెట్లు కూడా మిగల్లేదు.

పట్టణంలో వాడ అంత విడిగా కనిపించదు. అక్కడ గుంపు పేరు చూసి ఇల్లు వెతుక్కుంటుంది. కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ 2022 మే 24న అమలాపురంలో దళిత మంత్రి పినిపె విశ్వరూప్ ఇంటికి నిప్పు పెట్టడం అలాంటిదే.

చట్టానికి ఈ భూగోళం తెలియనిది కాదు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(2)(iv) ప్రకారం దళితుల నివాసాన్ని తగలబెడితే యావజ్జీవ శిక్ష. 1995 నిబంధనల్లోని 3వ నిబంధన, దాడులు జరిగే అవకాశమున్న ప్రాంతాలను ముందే గుర్తించమని ప్రభుత్వాన్ని ఆదేశిస్తుంది. కాలిన ఇంటి స్థానంలో ప్రభుత్వ ఖర్చుతో పక్కా ఇల్లు కట్టివ్వాలి. 17వ నిబంధన కింద కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ మూడు నెలలకు ఒకసారైనా కూర్చోవాలి.

కాబట్టి విద్యార్థులూ కార్యకర్తలూ తమ మండలం పటం తామే గీయాలి. వాడకు ఎన్ని దారులున్నాయి, వాటిని ఎక్కడ మూసేయొచ్చు, పోలీస్ స్టేషన్ ఎంత దూరం, ఫైరింజన్ లోపలికి రాగలదా, నీళ్ళు ఎక్కడున్నాయి, కూలి, భూమి, పెళ్ళి, విగ్రహం తగాదాలు ఎక్కడ రాజుకుంటున్నాయి? ఆ పటాన్ని జిల్లా కమిటీ ముందు పెట్టి, గుర్తించిన ప్రాంతాల జాబితా అడగాలి. మంట లేచాక రాసే ఎఫ్ఐఆర్ కన్నా, ముందుగా ఇచ్చే ఆ పటమే మన వాడను కాపాడుతుంది.