ఖతార్‌లోని మద్బసా: ఖర్జూరపు పాకం దింపే గది

ఖర్జూరపు పండ్ల నుండి పాకం దింపడానికి కట్టిన గదిని గల్ఫ్ దేశాలలో మద్బసా అంటారు. ఆ పాకం పేరు దిబ్స్. అది మన చెరకు పానకం వలె ముదురు రంగులో, చిక్కగా ఉంటుంది. మనం చెరకు తోటలలో పనిచేసిన వారి సంతతి కనుక, ఉద్యోగరీత్యా ఖతార్ వెళ్లే మన పిల్లలకు ఈ గదిని చూసి రమ్మని మేము మొదట చెబుతాము.

దోహాకు వాయవ్య దిశలో, సుమారు వంద కిలోమీటర్ల దూరాన, సముద్రతీరంలో జుబారా అనే పాత పట్టణపు శిథిలాలు ఉన్నాయి. కువైట్ నుండి వచ్చిన వర్తకులు 18వ శతాబ్దిలో దానిని నెలకొల్పారు. ముత్యాల వ్యాపారంతో వర్ధిల్లిన ఆ పట్టణం 1811లో ధ్వంసమైంది. 20వ శతాబ్ది ఆరంభానికి జనం దానిని పూర్తిగా విడిచిపోయారు. ఇసుక కప్పివేయడం వలన గోడలు, వీధులు నిలిచాయి. మారిషస్‌లో మన కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్ 2006లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. జుబారాకు ఆ గౌరవం 2013లో లభించింది.

అక్కడి తవ్వకాలలో ఇళ్ల నడుమ మద్బసాలు బయటపడ్డాయి. గది నేల అంతా గచ్చు. (గచ్చు అనగా సున్నం వంటి వాటితో గట్టిగా చేసిన నేల.) ఆ గచ్చులో వరుసగా చిన్న గట్లు, గట్ల మధ్య సన్నని కాలువలు ఉంటాయి. ఖర్జూరపు ఆకులతో అల్లిన సంచులలో పండ్లు నింపి, ఒకదానిపై ఒకటి పేర్చేవారు. మన గానుగకు ఎద్దులు కావాలి, బెల్లపు పొయ్యికి నిప్పు కావాలి. ఇక్కడ ఆ రెండూ లేవు. పై సంచుల బరువుకు, ఎండ వేడిమికి క్రింది పండ్ల రసం ఊరి, కాలువల వెంట పారి, మూలన పాతిన కుండలోకి చేరేది. ఇంత తేలికైన ఏర్పాటు మాకు మరెక్కడా కనబడలేదు.

ఉప్పుగాలికి ఈ గోడలు పొడిపొడిగా రాలిపోతాయి. అందుచేత పాత కట్టడానికి సరిపడే పూతనే వాటికి పూస్తారు. ఈ సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. మా ఆలయపు పాత సున్నపు గోడకు, కమిటీ సభ్యులమంతా ఉత్సాహంగా, పండుగ ముందు సిమెంటు పూశాము. రెండు వానాకాలాలకే లోపల చెమ్మ చేరి, సిమెంటుతో పాటు పాత సున్నం కూడా పెచ్చులుగా ఊడింది. ఆ గోడపై పెద్దలు దిద్దిన తెలుగు అక్షరాలు కూడా పోయాయి. తప్పు మాదే. ఇతర ఊళ్ల కమిటీలవారు సిమెంటు బస్తా విప్పే ముందు ఒక్కసారి ఆలోచించ ప్రార్థన.

ఆ సంచులు మోసినవారి పేర్లు గచ్చు మీద లేవు. గల్ఫ్ ప్రాంతంలో ముత్యాల పడవలలోను, ఖర్జూరపు తోటలలోను ఆఫ్రికా నుండి తెచ్చిన బానిసలు పనిచేశారు. ఖతార్‌లో బానిసత్వం 1952లో రద్దయింది. దోహాలోని ముషైరిబ్ ప్రాంతంలో బిన్ జల్మూద్ గృహం అనే మ్యూజియం ఆ చరిత్రను దాచకుండా చెబుతుంది. మద్బసాను చూసినవారు దానిని కూడా చూడవలెను.

2016 నుండి దోహాలోని సూక్ వాకిఫ్ అంగడిలో వేసవిలో స్థానిక ఖర్జూరాల పండుగ జరుగుతోంది. రైతులు ఖలాస్, ఖునైజీ, షిషీ, బర్హీ రకాల పండ్లు తెస్తారు. జుబారాకు మాత్రం ఆ ఎండలలో వెళ్లరాదు. డిసెంబరు, జనవరి నెలలు మేలు.